నీళ్లు నింపుకున్న నార: సెల్యులోజ్ హైడ్రోజెల్‌కు బలం ఎక్కడి నుంచి వస్తుంది

నూలు చీరలకు గంజి పెట్టే ఇళ్లలో ఒక విచిత్రం కళ్ల ముందే జరుగుతుంటుంది. ఉడికిన బియ్యంలోంచి పిండిపదార్థం నీళ్లలోకి దిగి చిక్కటి గంజి అవుతుంది. ఆ గంజిలోనే ముంచిన బట్ట మాత్రం చెక్కుచెదరదు. పూర్వం రేవు దగ్గర బానల్లో సోడా వేసి గంటల తరబడి ఉడకబెట్టినా బట్ట తెల్లబడేదే గానీ కరిగేది కాదు. ముడిసరుకు చూస్తే రెండూ ఒకటే. గంజిలో ఉన్నదీ గ్లూకోజే, నూలులో ఉన్నదీ గ్లూకోజే.

తేడా ఆ గ్లూకోజ్ అణువులు ఒకదాన్నొకటి పట్టుకున్న తీరులో ఉంది. పిండిపదార్థంలో అవన్నీ ఒకే వైపు తిరిగి చేతులు కలుపుతాయి. దాంతో గొలుసు మెలికలు పడి స్ప్రింగులా చుట్టుకుంటుంది, మధ్యలోకి వేడినీళ్లు సులువుగా దూరతాయి. సెల్యులోజ్‌లో ఒక గ్లూకోజ్ వెల్లకిలా ఉంటే పక్కది బోర్లా ఉంటుంది. అందువల్ల గొలుసు మెలి తిరగకుండా తిన్నగా, సన్నటి పట్టీలా సాగుతుంది. తిన్నటి పట్టీలను ఎంత దగ్గరగానైనా పేర్చవచ్చు. పక్కపక్కన ఉన్నవాటిని హైడ్రోజన్ బంధాలు పట్టుకుంటాయి, ఒకదాని మీద ఒకటి ఉన్నవి తమ చదునైన ముఖాలతో అతుక్కుంటాయి. ఒక్కో బంధం బలహీనమైనదే. కానీ పత్తి పోగులోని ఒక్క గొలుసులో సుమారు 10,000 గ్లూకోజ్ అణువులు ఉంటాయి కాబట్టి, వాటన్నిటి పట్టూ కలిస్తే నీళ్లకు లోపల చోటు దొరకదు. మొక్కల్లో ఈ పదార్థాన్ని 1838లో వేరుచేసి చూపినవాడు ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్త ఆన్సెల్మ్ పాయెన్.

నీళ్లలో కరగని ఈ పదార్థంతోనే, ఎక్కువ భాగం నీళ్లే ఉండి, అయినా లాగితే తెగని జెల్ తయారుచేయాలని కొన్నేళ్లుగా ఎన్నో ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి. ఇలా నీళ్లను తన అల్లికలో పట్టి ఉంచే మెత్తటి పదార్థాన్ని హైడ్రోజెల్ అంటారు. కంటికి పెట్టుకునే మెత్తటి కాంటాక్ట్ లెన్స్ ఒక హైడ్రోజెల్. పిల్లల డైపర్‌లో ఉబ్బే గుళికలూ అవే.

సెల్యులోజ్ ఉన్న జెల్ ఎలా ఉంటుందో చూడాలంటే చెంచాడు సబ్జా గింజలు చాలు. గ్లాసు నీళ్లలో వేసి ఐదారు నిమిషాలు ఆగితే నల్లటి గింజ చుట్టూ పలుచటి బూడిదరంగు పొర ఉబ్బి, గింజ కప్ప గుడ్డులా కనిపిస్తుంది. చెంచాతో ఎంత గిలక్కొట్టినా ఆ పొర ఊడి నీళ్లలో కలిసిపోదు. వేళ్ల మధ్య నలిపితే జారుతుంది గానీ గింజను అంత తేలిగ్గా వదలదు. ఉత్త జిగురే అయితే కాసేపటికి నీళ్లన్నీ బంక బంకగా మారిపోయేవి. ఇక్కడ జిగురుతో పాటు గింజ తొక్క నుంచి బయటికి విచ్చుకున్న సన్నటి సెల్యులోజ్ పోగులు ఉన్నాయి. జిగురు నీళ్లను పట్టుకుంటే, పోగులు జిగురును పట్టుకుని గింజకు కట్టి ఉంచుతాయి.

మొక్క ఒళ్లంతా దాదాపు ఇదే పద్ధతిలో కట్టి ఉంటుంది. లేత తోటకూర కాడలో, అరటి దూటలో కణాల గోడలంటే పెక్టిన్, హెమీసెల్యులోజ్ అనే మెత్తటి జిగురు పదార్థాల మధ్య సెల్యులోజ్ పోగులు అల్లుకుని, ఖాళీల నిండా నీళ్లు నిండిన నిర్మాణాలే. గాలికి వంగి మళ్లీ నిలబడే కాడలో సాగే గుణం, నిలబడే గుణం రెండూ ఉన్నాయి. ప్రయోగశాలలకు కావలసిందీ ఆ రెండూ ఒకేచోట.

జెల్ ఎందుకు చిట్లుతుంది

మనిషి చేతిలో హైడ్రోజెల్ పనికొచ్చే వస్తువుగా మారింది చెకొస్లొవేకియాలో. ఒటో విక్టర్లే, ద్రాహోస్లావ్ లిమ్ అనే ఇద్దరు రసాయనశాస్త్రవేత్తలు శరీరంలో వాడదగ్గ జెల్‌ల గురించి 1960లో ప్రకటించారు. 1961 క్రిస్మస్ రోజుల్లో విక్టర్లే ఇంట్లోనే, పిల్లల మెర్కుర్ బొమ్మల సెట్టు ముక్కలు, సైకిల్ డైనమో కలిపి ఒక చిన్న యంత్రం కట్టాడు. గిర్రున తిరిగే అచ్చులో ద్రవం పోస్తే అది పలుచటి గిన్నెలా గట్టిపడింది. మెత్తటి కాంటాక్ట్ లెన్స్ పుట్టింది అక్కడే.

లెన్స్ మీద పెద్ద బరువేమీ పడదు కాబట్టి ఆ పనికి ఆ జెల్ సరిపోయింది. మోకాలి కీలులో మృదులాస్థి బదులు పెట్టాలన్నా, వంగే యంత్ర భాగంగా వాడాలన్నా అలాంటి జెల్ ఆగదు. మామూలు హైడ్రోజెల్‌లో ఒక చదరపు మీటరు మేర చీలిక పాకడానికి సుమారు 10 జౌళ్ల శక్తి చాలు. మన కీళ్లలోని మృదులాస్థికి దాదాపు 1,000 జౌళ్లు కావాలి, సహజ రబ్బరుకు దాదాపు 10,000. మృదులాస్థిలోనూ మూడింట రెండు వంతులకు పైగా నీళ్లే ఉంటాయన్నది గుర్తుంచుకోవాలి. కాబట్టి తప్పంతా నీళ్లది అనడానికి లేదు.

ఇక్కడ మూడు మాటలను విడివిడిగా చూడాలి. బిరుసు అంటే వంచినా లాగినా లొంగకపోవడం. బలం అంటే తెగే ముందు మోయగలిగిన బరువు. మొండితనం అంటే గాటు పడ్డాక కూడా ఆ గాటును పాకనివ్వకపోవడం. అప్పడానికి బిరుసు ఉంది, మొండితనం లేదు. మామిడి తాండ్రకు బిరుసు లేదు, మొండితనం ఉంది. వార్తల్లో ‘గట్టి జెల్’ అన్నప్పుడు ఈ మూడింటిలో దేని గురించి మాట్లాడుతున్నారో చాలాసార్లు తెలియదు. గందరగోళం చాలావరకు అక్కడే మొదలవుతుంది.

జెల్ లోపల పొడవాటి గొలుసులు అక్కడక్కడా ముడులు పడి వలలా ఉంటాయి. వల కన్నులన్నీ ఒకే సైజులో ఉండవు. లాగినప్పుడు పొట్టి గొలుసులే ముందు బిగుసుకుని మొత్తం బరువు మోస్తాయి, అవే ముందు తెగుతాయి. అవి తెగిన చోట పక్కవాటి మీద భారం పెరుగుతుంది. అలా గాటు ఒక్క వరుస గొలుసులను మాత్రమే తెంచుకుంటూ ముందుకు పాకుతుంది. వెనకున్న వలకు ఆ సంగతే తెలియదు. పైగా పదార్థంలో తొంభై పాళ్లు నీళ్లే అయితే గాటుకు అడ్డంపడే గొలుసులు ఎన్నని ఉంటాయి?

ముడులు పెంచితే సరిపోదా అనిపిస్తుంది. పెంచితే జెల్ బిరుసెక్కుతుంది గానీ ముడికీ ముడికీ మధ్య గొలుసు పొట్టిదవుతుంది. రెండు ముడుల మధ్య గొలుసు ఎక్కడో ఒకచోట తెగినా, ఆ పొడవంతా సాగి దాచుకున్న శక్తి మొత్తం ఖర్చయిపోతుంది. గొలుసు ఎంత పొడుగైతే గాటుకు అంత ఖరీదు. రబ్బరు విషయంలో ఈ లెక్కను లేక్, థామస్ అనే ఇద్దరు 1967లోనే వేసి చూపారు. బిరుసు కోసం ముడులు వేస్తే మొండితనం తగ్గుతుంది, మొండితనం కోసం ముడులు విప్పితే జెల్ జావగా మారుతుంది. హైడ్రోజెల్‌ల మీద పని చాలాకాలం ఈ రెంటి మధ్యే నలిగింది.

దారి చూపింది జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో జియాన్ పింగ్ గాంగ్ బృందం, 2003లో. ఒకే జెల్‌లో రెండు వలలు వేశారు. ఒకటి బిగుతైనది, పెళుసుది. రెండోది వదులైనది, బాగా సాగేది. బొంత కుట్టిన చేతులకు ఈ ఉపాయం వెంటనే అర్థమవుతుంది. పాత చీరలు పొరలుగా పేర్చి దట్టంగా కుట్లు వేసిన బొంతను లాగితే ముందు కుట్టుదారాలు పటపటా తెగుతాయి. ఒక్కచోట కాదు, చుట్టుపక్కల పది చోట్ల. లోపలి చీరలు మాత్రం సాగి నిలబడతాయి. గాంగ్ జెల్‌లోనూ పెళుసు వల ఎక్కడికక్కడ తెగుతూ శక్తిని మింగేస్తుంది, సాగే వల ముక్కను ఒక్కటిగా పట్టి ఉంచుతుంది. సుమారు 90 శాతం నీళ్లున్న ఆ జెల్ నొక్కుడుకు 17 మెగాపాస్కల్స్ దాకా ఆగింది. ఒక మెగాపాస్కల్ అంటే చదరపు సెంటీమీటరు మీద దాదాపు 10 కిలోల బరువు. అంటే గోరంత చోటు మీద ముగ్గురు మనుషులు నిలబడ్డట్టు. అదే రెండు వలలతో విడివిడిగా చేసిన జెల్‌లలో ఏదీ ఒక్క మెగాపాస్కల్ కూడా దాటలేదు.

ఆ పెళుసు వలలో ఒక లోపం ఉంది. ఒకసారి తెగిన గొలుసు మళ్లీ అతకదు. 2012లో హార్వర్డ్‌లో జిగాంగ్ సువో బృందం ఆ స్థానంలో సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్‌ను కాల్షియం ముడులతో పెట్టింది. కాల్షియం ముడి ఊడినా మళ్లీ పడగలదు. ఆ జెల్ తన పొడవుకు 20 రెట్లకు పైగా సాగింది, చీలికను ఆపే శక్తి 9,000 జౌళ్ల దాకా చేరింది. అప్పటి నుంచి అందరూ వెతుకుతున్నది ఇలా ఊడి మళ్లీ పట్టుకునే ముడులనే. సెల్యులోజ్‌లో అవి పుట్టుకతోనే ఉన్నాయి. గొలుసు పొడవునా హైడ్రోజన్ బంధాలే కదా.

విప్పడమా, విప్పకుండా వాడుకోవడమా

మొక్క కట్టిన అల్లికను ఎంతవరకు విప్పాలన్నదే ఈ రంగంలో అసలు ప్రశ్న. మూడు దారుల్లో పని జరుగుతోంది.

మొదటి దారిలో దాదాపు ఏమీ విప్పరు. చెక్కను రసాయనాల్లో ఉడకబెట్టి, పోగులను అతికించి ఉంచే లిగ్నిన్‌ను మాత్రం తీసేస్తారు. చెక్క తెల్లబడి మెత్తటి స్పాంజిలా మిగులుతుంది. చెట్టు నీళ్లు తాగిన సన్నటి గొట్టాలు, వాటి గోడల్లో ఒకే దిశలో సాగిన సెల్యులోజ్ పోగులు అలాగే ఉంటాయి. ఆ ఖాళీల్లోకి అక్రిలమైడ్ అనే రసాయనం ద్రావణాన్ని పట్టించి, లోపలే దాని అణువులను గొలుసులుగా కలిపి పాలీఅక్రిలమైడ్ జెల్‌గా మారుస్తారు. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో లియాంగ్‌బింగ్ హూ బృందం 2018లో ఇలా చేసిన చెక్క జెల్ నార వెంబడి లాగితే 36 మెగాపాస్కల్స్ దాకా తెగలేదు. చెక్క లేకుండా అదే పాలీఅక్రిలమైడ్ జెల్ 0.072 దగ్గరే తెగింది. తేడా 500 రెట్లు. ఇందులో మనుషులు కొత్తగా వేసిన ముడులకంటే చెట్టు ఏళ్ల తరబడి వేసుకున్న వరుస గొప్పది. నార వెంబడి ఉన్న బలం అడ్డంగా ఉండదు. కట్టె కొట్టేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేని విషయమిది.

రెండో దారిలో పోగులను విడదీస్తారు, గొలుసులను మాత్రం విడదీయరు. కాగితపు గుజ్జులోని ఒక్కో పీచు లోపల కొన్ని నానోమీటర్ల మందం ఉన్న లక్షల పోగులు కట్టలు కట్టి ఉంటాయి. మిక్సీలో వేసి ఎంత తిప్పినా అవి పూర్తిగా విడిపోవు. టోక్యో విశ్వవిద్యాలయంలో అకిరా ఇసొగాయ్, త్సుగుయుకి సైతో కలిసి టెంపో అనే ఉత్ప్రేరకంతో పోగు పైపొర మీద రుణావేశం ఉన్న పరమాణు గుంపులను తెచ్చారు. ఒకే ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి కాబట్టి, ఆ తర్వాత కొద్దిపాటి గిలకొట్టుడుకే 3 నుంచి 4 నానోమీటర్ల మందం ఉన్న పోగులు విడివిడిగా వచ్చేస్తాయి. నీళ్లలో నూటికి ఒకటో రెండో పాళ్లు ఉన్నా చాలు, గ్లాసు బోర్లించినా జారని పారదర్శకమైన జెల్ అవుతుంది. దీనికి ఇసొగాయ్, సైతోలతో పాటు యోషిహరు నిషియామాకు 2015లో మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి ఇచ్చారు. ఇలాంటి జెల్ నిలబడుతుంది గానీ తనంతట తాను బరువు మోయలేదు. కాల్షియం లాంటి లోహ అయాన్లతో ముడివేసో, సాగే ఇంకో వలతో కలిపో వాడాలి.

మూడో దారి గొలుసులను పూర్తిగా విప్పి, కరిగించి, మళ్లీ కట్టడం. కష్టమైన దారి ఇదే, చూడముచ్చటైనదీ ఇదే. సెల్యులోజ్‌ను కరిగించే ద్రవాలు 19వ శతాబ్దం నుంచీ ఉన్నాయి. 1892లో ఇంగ్లండులో పేటెంటయిన విస్కోస్ పద్ధతి మీదే రేయాన్ పరిశ్రమ నిలబడింది. దానికి వాడే కార్బన్ డైసల్ఫైడ్ ఆవిరి కార్మికుల నరాలను దెబ్బతీసేది. ఆ తర్వాత కనిపెట్టిన ద్రవాలు చాలావరకు ఖరీదైనవి.

చైనాలో వుహాన్ విశ్వవిద్యాలయానికి చెందిన లీనా జాంగ్ బృందం 2000 తర్వాత అందుకున్న పద్ధతి వినడానికి నమ్మశక్యంగా ఉండదు. 100 గ్రాముల ద్రావణానికి 7 గ్రాముల కాస్టిక్ సోడా, 12 గ్రాముల యూరియా, మిగతా 81 గ్రాములు మంచినీళ్లు. యూరియా అంటే పొలంలో చల్లేదే. ఆ ద్రావణాన్ని మైనస్ 12 డిగ్రీలకు చల్లబరిచి, అందులో పొట్టి పత్తి పీచు నాలుగు గ్రాములు వేసి గట్టిగా తిప్పితే రెండు మూడు నిమిషాల్లో పీచు కనబడకుండా పోతుంది. గిన్నెలో మిగిలేది ఆముదంలా చిక్కగా, నీళ్లలా తేటగా ఉండే ద్రవం. బానలో గంటలు ఉడికినా కరగని పత్తి, గడ్డకట్టే చలిలో నిమిషాల్లో కరుగుతుంది. వేడి చేస్తే ఏదైనా బాగా కరుగుతుందనే మన అనుభవం ఇక్కడ పూర్తిగా తిరగబడుతుంది. చలిలో సోడా అయాన్లు తమ చుట్టూ నీటి అణువులను కప్పుకుని సెల్యులోజ్ గొలుసును అంటిపెట్టుకుంటాయనీ, యూరియా ఆ పైన ఒరలా చుట్టుకుని గొలుసులు మళ్లీ ఒకదానికొకటి తగలకుండా ఆపుతుందనీ ఆ బృందం వివరణ. ద్రవం వేడెక్కితే ఆ కప్పు చెదిరి, గొలుసులు మళ్లీ ఒకదాన్నొకటి వెతుక్కుని జెల్ కట్టేస్తాయి. ఇక చల్లబరిచినా వెనక్కి కరగదు.

కరిగిన ద్రవాన్ని గాజుపలక మీద పరిచి, పలుచటి ఆమ్లంలోకి దించితే సోడా విరిగిపోయి సెల్యులోజ్ గట్టిపడుతుంది. మరిగే పాలలో నిమ్మరసం పిండినట్టే. పాలు విరగ్గొట్టేటప్పుడు నిమ్మరసం ఒక్కసారిగా గుమ్మరిస్తే ముద్దలు ముద్దలుగా, కొద్దికొద్దిగా వేస్తే మెత్తటి పనీరుగా వస్తుంది కదా. ఇక్కడా అంతే. ఘాటైన ఆమ్లంలో హడావుడిగా గట్టిపడ్డ జెల్‌లో పెద్ద గుంతలు, గరుకు ముద్దలు మిగులుతాయి. పలుచటి ఆమ్లంలోనో, నీళ్లు కలిపిన ఆల్కహాల్‌లోనో నెమ్మదిగా గట్టిపడితే సన్నటి పోగుల వల ఏర్పడుతుంది, చూడటానికి గాజులా తేటగా ఉంటుంది. మందు ఒకటే, వేగం వేరు, ఫలితం వేరు.

అయితే ఇలా కట్టిన జెల్‌లో చెట్టు కట్టిన వరుస ఉండదు. మొక్కలో గొలుసులన్నీ తలలు ఒకే వైపు పెట్టుకుని పడుకుంటాయి. ఒకసారి కరిగి మళ్లీ స్ఫటికమైతే ఒకటి ఇటు, ఒకటి అటు తల పెడతాయి. మళ్లీ పాత పద్ధతికి రావు. మొక్కలోని సెల్యులోజ్ స్ఫటికం బిరుసు 138 గిగాపాస్కల్స్ (ఒక్కో గిగాపాస్కల్ వెయ్యి మెగాపాస్కల్స్) అయితే, కరిగి మళ్లీ కట్టుకున్నదానికి 88. ఉక్కుకు సుమారు 200 అనుకుంటే ఆ 88 కూడా చిన్నదేమీ కాదు. అసలు నష్టం దిశ పోవడంలో ఉంది. మొక్కలో ఒకే దారిన నడిచిన పోగులు జెల్‌లో నాలుగు దిక్కులకూ చెల్లాచెదురవుతాయి.

పోయిన దిశను తిరిగి తెచ్చే ఉపాయం చేనేతవాళ్ల పడుగు పనిని గుర్తుకు తెస్తుంది. కరిగిన సెల్యులోజ్‌లో ముందు కొద్దిపాటి రసాయన ముడులు వేస్తారు. అప్పుడు వచ్చే జెల్ మెత్తగా, బాగా సాగేదిగా ఉంటుంది. దాన్ని రెండు కొసలా పట్టి లాగి, ఆ బిగువు వదలకుండానే పలుచటి ఆమ్లంలో ముంచుతారు. సాగిన దిశలోనే గొలుసులు పక్కపక్కన చేరి, చిన్నచిన్న స్ఫటికాలుగా కట్టుకుంటాయి. బిగువు వదిలాక కూడా ఆ వరుస నిలిచిపోతుంది. రసాయన ముడులు ముక్కను కలిపి ఉంచుతాయి, స్ఫటికాలు బరువు పడ్డప్పుడు ఊడుతూ శక్తిని మింగుతాయి. గాంగ్ రెండు వేర్వేరు పదార్థాలతో సాధించింది ఇక్కడ ఒకే సెల్యులోజ్‌లో రెండు రకాల ముడులతో జరుగుతుంది. వుహాన్‌లోనే 2016లో ఈ రెండు ముడుల పద్ధతిని వివరంగా ప్రకటించారు. సెల్యులోజ్ జెల్‌లలో అసలైన ముందడుగు ఇదే అనిపిస్తుంది, ఎందుకంటే ఇందులో బలం కోసం పెట్రోలియం నుంచి వచ్చే రెండో పాలిమర్‌ను అరువు తెచ్చుకోలేదు.

అంకె పక్కన ఏం ఉందో చూడాలి

కొత్త జెల్ గురించి వచ్చే ప్రతి ప్రకటనలోనూ ఒక పెద్ద అంకె ఉంటుంది. ఆ అంకె ఒక్కటే చూసి పోల్చడం సరికాదు. ముందు నీళ్లెన్ని ఉన్నాయో చూడాలి. 50 శాతం నీళ్లున్న జెల్‌నూ 90 శాతం నీళ్లున్న జెల్‌నూ పక్కపక్కన పెట్టడం తడి తువాలును పుచ్చకాయ ముక్కతో పోల్చడం లాంటిది. ఏ దిశలో లాగారో చూడాలి, చెక్క జెల్ విషయంలో అదే సగం కథ. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ ముక్కను కొన్ని రోజులు నీళ్లలో నానబెట్టాక కొలిచారా, తయారైన వెంటనే కొలిచారా? చాలా జెల్‌లు తయారైనప్పుడు గట్టిగానే ఉండి, నీళ్లలో వదిలేస్తే ఉబ్బి మెత్తబడతాయి. శరీరంలోనో మట్టిలోనో ఉండాల్సిన వస్తువుకు నానాక ఉన్న బలమే బలం. ఒక్కసారి లాగి తెంచిన పరీక్ష కూడా సరిపోదు. మోకాలు ఏడాదిలో లక్షలసార్లు వంగుతుంది. చిన్న బరువే మళ్లీమళ్లీ పడితే గాటు నెమ్మదిగా పాకుతూ పోతుంది.

‘మొక్కల నుంచి’ అన్న మాటనూ ఇలాగే విప్పి చూడాలి. సెల్యులోజ్ గొలుసులకు రసాయన ముడులు వేయడానికి ఎక్కువగా వాడే ఎపిక్లోరోహైడ్రిన్ క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న రసాయనం. ముడి పడ్డాక మిగిలినదాన్ని పూర్తిగా కడిగేయాలి. చెక్క జెల్‌లో పోసే అక్రిలమైడ్ జెల్‌గా మారకముందు నరాలకు విషం. అంతమాత్రాన ఈ పనులు చెడ్డవి కావు, కడిగే పద్ధతులు ఉన్నాయి. కానీ గోదాములో పత్తి ఉందని సరుకంతా పచ్చనిదని రాసేయడం చదివేవాళ్లకు అన్యాయం. సోడా, యూరియా, ఆమ్లంతో సరిపెట్టిన పద్ధతికీ, వీటికీ మధ్య తేడా చెప్పి తీరాలి.

శరీరం విషయంలో సెల్యులోజ్‌కు ఇంకో గుణం ఉంది. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు దాన్ని అరిగించగలవు, మన ఒంట్లోని ఎంజైములు దాన్ని తెంచలేవు. కాబట్టి కొన్ని నెలల్లో తనంతట కరిగిపోయి ఆ స్థానంలో కొత్త కండ పెరగాల్సిన చోట ఇది పనికిరాదు. ఎప్పటికీ అలాగే నిలవాల్సిన మృదులాస్థి లాంటి చోట మాత్రం ఇదే సుగుణం. గాయాల మీద వేసే పట్టీలకు సెల్యులోజ్ జెల్ ఇప్పటికే వాడుకలో ఉంది. అయితే అది ఎక్కువగా బ్యాక్టీరియా నేసిన సెల్యులోజ్. కొబ్బరినీళ్లను పులియబెట్టి ఫిలిప్పీన్స్‌లో చేసే నాటా డి కోకో అనే తినే జెల్ ఆ బ్యాక్టీరియా పనే.

పొలంలోకి వస్తే

తెలుగు రైతుకు హైడ్రోజెల్ పేరు వినిపించేది ఆసుపత్రిలో కాదు, విత్తనాల దుకాణంలో. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ సెల్యులోజ్ ఆధారంగా తయారుచేసిన పూసా హైడ్రోజెల్‌ను ఎకరానికి ఒకటి రెండు కిలోల చొప్పున వేర్ల దగ్గర పడేలా వేయమంటారు. అది తన బరువుకు కనీసం 350 రెట్ల నీళ్లు పీల్చగలదు. వినగానే అనంతపురం లాంటి మెట్ట ప్రాంతాలకు వరం అనిపిస్తుంది. ఒక్కసారి లెక్క వేసి చూడాలి. రెండు కిలోలు 350 రెట్లు పీలిస్తే 700 లీటర్లు. ఎకరమంతా పరిస్తే అది ఒక మిల్లీమీటరు వానలో ఐదో వంతు కూడా కాదు. అందుకే దాన్ని పొలమంతా చల్లకుండా విత్తనం పడే సాలులోనే వేయమంటారు. వాన పడ్డ ప్రతిసారీ నిండి, ఎండినప్పుడు వేరుకు వదలడంలోనే దాని లాభం. మొలక దశలో నాలుగు రోజులు తడి నిలిస్తే అదే పదివేలు. ఇది వానకు బదులు రాదన్న సంగతి రైతుకు ముందే చెప్పాలి.

ఇక్కడ బలం ప్రశ్న మళ్లీ వస్తుంది. 350 రెట్లు ఉబ్బాలంటే ముడులు చాలా తక్కువ ఉండాలి. అలాంటి జెల్ వేలితో నొక్కితే చితికిపోతుంది. దాని మీద జానెడు మట్టి బరువు పడితే గ్లాసులో ఉబ్బినంత ఉబ్బలేదు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ఇంకా తగ్గుతుంది. ముడులు పెంచి గట్టిగా చేస్తే మట్టిని తట్టుకుంటుంది గానీ పీల్చే నీళ్లు పదో వంతుకు పడిపోవచ్చు. కీలుకు కావలసిన జెల్, పొలానికి కావలసిన జెల్ ఒకే సెల్యులోజ్ నుంచి వచ్చినా రెండూ రెండు కొసలు. ఒకదాని అంకె చూపించి రెండోదాన్ని అమ్మకూడదు.

మన ఎండలకు ఇంకో పరీక్ష ఉంది. సెల్యులోజ్ జెల్ పూర్తిగా ఎండిపోతే పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మళ్లీ నీళ్లు పోసినా ఆ అతుకుల్లో చాలావరకు విడవు, జెల్ మునుపటి పరిమాణానికి రాదు. మే నెల ఎండలో దండెం మీద ఆరిన నూలు తువాలు అట్టలా బిరుసెక్కడంలోనూ ఇలాంటి అతుకులే ఉన్నాయి. తువాలును దులిపి వాడుకోవచ్చు, జెల్‌ను దులపలేం. కాగితపు పరిశ్రమకు ఈ సమస్య ఎనభై ఏళ్లుగా తెలుసు. వాడిన కాగితాన్ని మళ్లీ గుజ్జు చేసిన ప్రతిసారీ పీచు పట్టు తగ్గుతూ పోవడానికి ఇదొక కారణం. పోగుల మీద ఆవేశమున్న గుంపులు తెచ్చినా, గ్లిజరిన్ లాంటిది మధ్యలో నింపినా అతుకులు తగ్గుతాయి.

ముడిసరుకుకు తెలుగు నేలలో కొరత లేదు. ఆదిలాబాద్ నుంచి గుంటూరు, ఆదోని దాకా పత్తి పండే చోటల్లా జిన్నింగ్ అయ్యాక గింజకు మిగిలిపోయే పొట్టి నూగు, అంటే లింటర్స్, దాదాపు శుద్ధమైన సెల్యులోజ్. చలిలో కరిగించే పద్ధతికి బాగా సరిపోయేది ఇలాంటి పీచే. గొలుసులు మరీ పొడుగ్గా ఉంటే పూర్తిగా కరగవు కాబట్టి ముందు ఆమ్లంతో కాస్త పొట్టి చేసుకోవాలి. పత్తి తీశాక పొలంలో తగలబెట్టే కట్టె కథ వేరు. అందులోనూ సెల్యులోజ్ ఉంది, కానీ లిగ్నిన్ దాన్ని గట్టిగా కరచుకుని ఉంటుంది. దాన్ని విడదీయాలంటే కాస్టిక్ సోడాలో ఉడకబెట్టాలి, ఉడికాక మిగిలే నల్లటి ద్రవాన్ని ఏదో ఒకటి చేయాలి. రాజమహేంద్రవరం, సారపాక, కాగజ్‌నగర్‌లలో కాగితం మిల్లులు చేసేది మొదటినుంచీ ఇదే పని. ఆ నల్లటి ద్రవాన్ని బాయిలర్‌లో మండించి, సోడాను తిరిగి రాబట్టుకునే ఏర్పాటు పెద్ద మిల్లుకే సాధ్యం. పత్తి కట్టెతో ఊళ్లోనే జెల్ తయారుచేస్తామనే ఏ పథకమైనా ముందు ఆ నల్లటి ద్రవం ఏ కాలువలోకి వెళ్తుందో చెప్పాలి. ఈలోగా మొదలుపెట్టడానికి నూనె మిల్లుల దగ్గర దొరికే లింటర్స్, కాగితం మిల్లుల్లో ఇప్పటికే తెల్లబడ్డ గుజ్జు ఉన్నాయి.